సేవా క్లబ్‌లో చురుకైన సభ్యులకు అవార్డులు: పోయినేడు చేసిన పొరపాటు మళ్లీ జరగకుండా ఎలా?

#1 నిలకడ

అందరికీ నమస్కారం. మా సేవా క్లబ్‌కి ఈ ఏడాది నేను కార్యదర్శిని. మొత్తం 46 మంది సభ్యులం. ఇంకో ఆరు వారాల్లో వార్షిక సమావేశం ఉంది. ఏడాదంతా చురుగ్గా పనిచేసినవాళ్లకి అవార్డులు ఇవ్వాలని కార్యవర్గం తీర్మానించింది. ఎంపిక ఎలా జరగాలో ఒక పద్ధతి రాసుకురమ్మని నాకు అప్పగించారు.

పద్ధతి గురించి అడిగే ముందు పోయినేడు జరిగింది చెప్పాలి. ఐదు అవార్డులు ఇచ్చాం. నాలుగు కార్యవర్గంలో ఉన్నవాళ్లకే వెళ్లాయి, ఐదోది పెద్ద విరాళం ఇచ్చిన సభ్యుడికి. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో చేయలేదు. కూర్చున్నప్పుడు ఎవరి పేర్లు గుర్తొస్తే అవి రాసుకున్నాం. అరగంటలో జాబితా అయిపోయింది.

మా క్లబ్‌లో ఏడేళ్లుగా రక్తదాతల రిజిస్టర్ చూసుకుంటున్న ఒక అక్క ఉంది. పొడుగాటి బైండు పుస్తకం అది. ఒక్కో బ్లడ్ గ్రూపుకి కొన్ని పేజీలు. పేరు, ఫోన్ నంబరు పెన్నుతో రాసి ఉంటాయి, చివరిసారి రక్తం ఇచ్చిన తేదీ మాత్రం పెన్సిల్‌తో. మళ్లీ ఇచ్చినప్పుడల్లా పాతది చెరిపి కొత్త తేదీ వేస్తుంది. ఓ నెగటివ్ పేజీలో ఆ గళ్లు చెరిపి చెరిపి కాగితం పల్చబడిపోయింది. అర్ధరాత్రి ఎవరైనా రక్తం కావాలని ఫోన్ చేస్తే, మళ్లీ రక్తం ఇవ్వడానికి ఎవరికి గడువు నిండిందో, వాళ్లలో ఆ వేళప్పుడు ఫోన్ ఎత్తేది ఎవరో ఆమె నిమిషంలో చెప్పేది.

ఆ సాయంత్రం ఆమె చివరి వరసలో కూర్చుంది. ఐదుగురికీ చప్పట్లు కొట్టింది. అందరూ వెళ్లాక కుర్చీలు మడిచి గోడకి ఆనించింది. తర్వాతి నెల రిజిస్టర్‌ని కవర్లో చుట్టి ఆఫీసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. రాజీనామా రాయలేదు, ఎవరినీ ఒక్క మాట అనలేదు. రావడం మానేసింది, అంతే.

ఆ జాబితాకి సరేనని చెయ్యెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను. అందుకే ఈసారి తేలిగ్గా తీసుకోలేకపోతున్నాను. పాయింట్లు పెట్టాలా, సభ్యుల ఓటు పెట్టాలా, కమిటీ వేయాలా? లేక అసలు అవార్డులే వద్దనాలా? మీ క్లబ్బుల్లో ఏం చేస్తున్నారో, ఏది బెడిసికొట్టిందో చెప్పండి.

#2 పాత కార్యదర్శి

నిలకడ గారూ, మీరు దాచకుండా రాసినందుకు సంతోషం. నేను వేర్వేరు కాలాల్లో రెండుసార్లు కార్యదర్శిగా చేశాను. నా అనుభవం ఒక్కటే చెప్తాను. పొరపాటు ఆ అరగంటలో జరగలేదు. అంతకుముందు పన్నెండు నెలలు ఎవరేం చేశారో ఎక్కడా రాసి పెట్టుకోకపోవడంలో జరిగింది.

సమావేశాల్లో జరిగింది రాసే మీ మినిట్స్ పుస్తకం ఒకసారి తిరగేయండి. 'కంటి పరీక్షల శిబిరం విజయవంతంగా జరిగింది, అధ్యక్షులు ప్రసంగించారు, సభ్యులు పాల్గొన్నారు' అని ఉంటుంది. ఏ సభ్యులు? డాక్టర్ల కోసం తిరిగింది ఎవరు, ముందు రోజు హాలు ఊడ్చింది ఎవరు, అద్దాలు తయారై వచ్చాక ఇంటింటికీ తీసుకెళ్లి ఇచ్చింది ఎవరు? ఒక్క పేరూ దొరకదు. ఏడాది చివర కూర్చుంటే మనసులో మిగిలేది మైకు ముందు నిలబడినవాళ్లు, ఫొటోలో మధ్యలో ఉన్నవాళ్లు, ఇంకా పోయిన రెండు నెలల్లో కనబడినవాళ్లు.

మేం ఒక చిన్న పని మొదలుపెట్టాం. ప్రతి కార్యక్రమం అయిన రోజు రాత్రే, ఇళ్లకి పోయేలోపు, ఒక పుస్తకంలో మూడు ముక్కలు రాయడం: ముందు ఎవరేం చేశారు, ఆ రోజు ఎవరేం చేశారు, తర్వాత మిగిలిన పని ఎవరు తీసుకున్నారు. రాసేది కార్యదర్శి కాదు, ప్రతిసారీ ఒక కొత్త సభ్యుడు. కొత్తవాళ్లకి పేర్లు తెలియవు కాబట్టి అడిగి మరీ రాస్తారు. ఆ అడగడంలోనే చాలా బయటికొచ్చేది.

మీకు ఈ ఏడాదికి ఆ పుస్తకం లేదు. అయినా ఆరు వారాలుంది, తెలుసుకోవచ్చు.

#3 వేకువ

నా మాట కాస్త కటువుగా ఉండొచ్చు, ముందే క్షమించండి. సేవకి అవార్డు ఎందుకు? ఇష్టంతో చేసే పనికి బహుమతి కడితే ఇష్టం పోతుంది. ఇది నేను ఊరికే అంటున్నది కాదు. 1973లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. బొమ్మ గీస్తే రిబ్బను, బంగారు రంగు ముద్ర ఉన్న సర్టిఫికెట్ ఇస్తామని కొందరికి చెప్పి, అలాగే ఇచ్చారు. ఒకటి రెండు వారాల తర్వాత చూస్తే, ఆ పిల్లలు తమంతట తాము బొమ్మలు గీసే సమయం మిగతా పిల్లలతో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయింది.

మీ అక్క ఏడేళ్లు అవార్డు లేకుండానే చేసింది కదా. అవార్డులు పెట్టి, మిగతావాళ్లకి ఇచ్చాకే మానేసింది. అవార్డే లేకపోతే ఆమె ఇవాళ్టికీ ఆ రిజిస్టర్ దగ్గరే ఉండేది.

#4 లెక్కల మాస్టారు

వేకువ గారూ, ఆ ప్రయోగంలో మీరు వదిలేసిన సంగతి ఒకటుంది. పిల్లల్లో మూడు గుంపులున్నాయి. సర్టిఫికెట్ వస్తుందని ముందే చెప్పి ఇచ్చిన గుంపుకే ఇష్టం తగ్గింది. ముందేమీ చెప్పకుండా, గీసిన తర్వాత ఇచ్చిన గుంపుకి తగ్గలేదు. వాళ్లు ఏమీ ఇవ్వనివాళ్లలాగే గీశారు. అంటే దెబ్బకొట్టింది కాగితం కాదు, 'ఇది చేస్తే అది ఇస్తాం' అన్న బేరం.

ఇంకో ప్రయోగం మన చర్చకి మరీ దగ్గరది. జర్మన్ వికీపీడియాలో కొత్తగా రాయడం మొదలుపెట్టినవాళ్లలో కొందరిని చీటీలు తీసినట్టు ఎంచి, పైసా విలువలేని ఒక మెచ్చుకోలు గుర్తు ఇచ్చారు. తర్వాతి నెలలో కొనసాగినవాళ్ల సంఖ్య, ఆ గుర్తు అందనివాళ్లకంటే 20 శాతం ఎక్కువగా ఉంది. ఏడాది పాటు ఆ తేడా కనబడింది. 2017లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. జీతం లేదు, పేరు కూడా బయట ఎవరికీ తెలియదు. మనలాంటి స్వచ్ఛంద పనే.

కానీ దీన్ని చూసి అవార్డు ఇస్తే చాలు మంచే జరుగుతుందని అనుకోవద్దు. కాలిఫోర్నియాలో 14 స్కూల్ డిస్ట్రిక్టుల్లో, 15 వేలకు పైగా పిల్లల మీద జరిపిన అధ్యయనం 2021లో వచ్చింది. ఒక నెల పూర్తి హాజరు ఉంటే అవార్డు ఇస్తామని కొందరికి ముందే చెప్పారు. దానివల్ల సగటున తేడా రాలేదు. ఇంకొందరికి అంతకుముందు ఉన్న పూర్తి హాజరుకి, వాళ్లు అనుకోని సమయంలో ఇచ్చారు. ఆ పిల్లల హాజరు తర్వాత తగ్గింది! పరిశోధకులు చెప్పిన కారణం వినండి. ఆ అవార్డు చూసి 'మిగతావాళ్లకంటే నేను ఎక్కువ వస్తున్నానన్నమాట, స్కూలు ఆశించినదానికంటే ఎక్కువే చేశాను' అని పిల్లలు అర్థం చేసుకొని ఉండొచ్చట.

వికీపీడియా గుర్తు, ఈ స్కూలు అవార్డు, రెండూ అనుకోకుండా ఇచ్చినవే. ఒకచోట నిలబెట్టింది, ఇంకోచోట వెనక్కి లాగింది. నాకు తోచిన తేడా ఇది. మొదటిది, నువ్వు రాసినది ఎవరో చూశారు, నువ్వు మాలో ఒకడివి అని చెప్పింది. రెండోది, నువ్వు మిగతావాళ్లలా కాదు, చేయాల్సింది దాటిపోయావు అని చెప్పింది. కాబట్టి ఇవ్వాలా వద్దా అన్నదానికంటే, ఇచ్చేటప్పుడు మన మాట ఎలా వినబడుతోందన్నది ముఖ్యమని నా అభిప్రాయం. పరిశోధకులు అన్నది కాదు ఇది, నేను కలుపుకొని చెప్తున్నది.

#5 కొత్త మొక్క

నేను ఒక సేవా క్లబ్‌లో చేరి ఎనిమిది నెలలైంది. ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి. మొదటి నాలుగు నెలలు ఏ పని చెప్తే ఆ పని చేశాను, నా పేరు కూడా సగం మందికి తెలియదు. మానేద్దామనుకున్నాను. ఒకరోజు పాఠ్యపుస్తకాలు పంచే కార్యక్రమం అయ్యాక, ఒక పెద్దాయన నా దగ్గరికొచ్చి, "ఏడో తరగతి కట్టల్లో ఒక్కో పుస్తకం తక్కువుందని నువ్వు పట్టుకోకపోతే అక్కడ పిల్లల ముందు తెల్లమొహం వేసేవాళ్లం" అన్నారు. అంతే అన్నారు. నేను ఆ కట్టలు విప్పి లెక్కపెట్టిన సంగతి ఎవరూ చూడలేదనుకున్నాను.

ఇంకా వెళ్తున్నాను.

#6 తీరం

పెద్ద సంస్థల్లో ఈ లెక్కలు ఎలా విడదీశారో చెప్తాను, నిలకడ గారికి పనికొస్తుంది. విరాళానికీ సేవకీ ఒకే బల్ల మీద అవార్డులు పెట్టడం వల్లే మీ దగ్గర సగం తంటా వచ్చింది.

రోటరీలో పాల్ హారిస్ ఫెలో అనే గుర్తింపు ఉంది. 1905లో షికాగోలో ఆ సంస్థని మొదలుపెట్టినాయన పేరు మీద పెట్టారు. రోటరీ ఫౌండేషన్‌కి 1,000 డాలర్లు ఇచ్చినవాళ్లకి, లేదా ఎవరి పేరు మీద ఆ మొత్తం ఇస్తే వాళ్లకి వస్తుంది. లయన్స్‌లో దానికి సాటి అయినది మెల్విన్ జోన్స్ ఫెలోషిప్. అదీ వాళ్ల ఫౌండేషన్‌కి 1,000 డాలర్ల విరాళంతోనే. ఈ రెండింటిలో ఒక మంచి వీలుంది. డబ్బు ఒకరు కట్టి, గౌరవం పనిచేసిన ఇంకొకరికి ఇవ్వొచ్చు. చాలా క్లబ్బులు కష్టపడిన సభ్యుల్ని అలా గౌరవిస్తాయి. అయినా దాని పునాది విరాళమే, ఆ సంగతి అందరికీ తెలుసు.

సొంతంగా చేసిన సేవకి రోటరీ వేరే దారి పెట్టుకుంది. 'సర్వీస్ అబవ్ సెల్ఫ్' అవార్డు. ప్రపంచం మొత్తం మీద ఏడాదికి 150 మందికి మించకుండా ఇస్తారు, ఒక మనిషికి జీవితంలో ఒక్కసారే. లయన్స్‌లో ఎన్నేళ్లు సభ్యుడిగా ఉన్నారో చెప్పే షెవ్రాన్ అనే బ్యాడ్జీలు వేరు, కొత్త సభ్యుల్ని చేర్చినందుకు ఇచ్చే కీ అవార్డులు వేరు. డబ్బు, కాలం, చేర్పించడం, చేతిపని... వేటికవే.

మీ క్లబ్ చిన్నదే, అన్ని రకాలు అక్కర్లేదు. దాతకి వేరుగా కృతజ్ఞత చెప్పండి, బాగా చెప్పండి. దానికి 'చురుకైన సభ్యుడు' అని మాత్రం పేరు పెట్టకండి.

#7 నిలకడ

అందరికీ ధన్యవాదాలు. తీరం గారూ, ఆ మాట మా కార్యవర్గంలో చదివి వినిపించాను. అందరూ ఒప్పుకున్నారు.

పాయింట్ల పద్ధతి మీద మాత్రం మా అధ్యక్షుడు గట్టిగా ఉన్నారు. సమావేశానికి వస్తే 5, కార్యక్రమానికి వస్తే 10, కొత్త సభ్యుణ్ణి తెస్తే 20 అని ఒక పట్టిక తయారుచేశారు. పక్షపాతం అనే మాట రాకుండా ఉంటుందని ఆయన ఉద్దేశం. పోయినేటి తర్వాత ఆయనకీ బాధగానే ఉంది.

#8 పాత కార్యదర్శి

మీ అధ్యక్షుల వారి ఉద్దేశం మంచిదే. మేమూ అదే ఉద్దేశంతో మూడేళ్లు పాయింట్లు నడిపాం. రెండో ఏడు మొక్కలు నాటే కార్యక్రమం రోజు జరిగింది చెప్తాను. పొద్దున్న ఏడున్నరకి హాజరు పట్టీలో 31 సంతకాలున్నాయి. పదిన్నరకి గుంతల దగ్గర లెక్కపెడితే 11 మంది. 31 మందికీ పది పాయింట్లు పడ్డాయి. వాళ్లంతా మోసగాళ్లు కాదు, మంచివాళ్లే. మేం దేన్ని లెక్కపెడతామన్నామో అదే ఇచ్చారు, సంతకం.

అంతకంటే బాధపెట్టింది ఇంకోటి. ఆ మొక్కలకి వేసవి మూడు నెలలు నీళ్లు పోసిన సభ్యుడికి ఒక్క పాయింటూ రాలేదు. నీళ్లు పోయడం 'కార్యక్రమం' కాదు కదా. బ్యానర్ లేదు, హాజరు పట్టీ లేదు. ఆయన ఒక్కడే బిందెలు మోసుకెళ్లేవాడు.

ఆ ఏడాదితో పాయింట్లు ఆపేశాం.

#9 లెక్కల మాస్టారు

గంటల లెక్క దీనికంటే నయం. అమెరికాలో 2003లో మొదలైన ప్రెసిడెంట్స్ వాలంటీర్ సర్వీస్ అవార్డు గంటల మీదే నడిచింది. పెద్దవాళ్లకి ఏడాదిలో 100 గంటలు దాటితే కంచు, 250 దాటితే వెండి, 500 దాటితే బంగారు స్థాయి. జీవితకాలంలో 4,000 గంటలు దాటినవాళ్లకి వేరే. ఇందులో నాకు నచ్చినది, ఒకరి మీద ఒకరు గెలవక్కర్లేదు. గీత దాటిన ప్రతివాళ్లకీ వచ్చేది. బ్రిటన్‌లో 1956లో యువతకి పెట్టిన డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరో అవార్డు కూడా అంతే, పక్కవాడితో పోటీ ఉండదు.

46 మంది ఉన్నచోట 'మొదటి బహుమతి' అంటే 45 మందికి లేదని చెప్పడమే. గీత పెడితే ఆ బాధ ఉండదు.

#10 చిన్నక్క

మాస్టారూ, గంటల లెక్క దగ్గర ఒక్క నిమిషం ఆగండి.

రిజిస్టర్ చూసుకున్న ఆ అక్కకి గంటలు లెక్కేయండి చూద్దాం. రాత్రి రెండింటికి ఫోన్ వస్తుంది. లేచి, లైటు వేసి, పుస్తకం తీసి, ముగ్గురికి ఫోన్ చేస్తుంది. ఒకరు ఎత్తరు, ఒకరు ఊళ్లో లేరు, మూడోవారు వస్తామంటారు. పది నిమిషాల పని. నెలకి అలాంటివి ఆరు వచ్చాయనుకోండి, ఒక గంట. ఏడాదికి పన్నెండు గంటలు. మీ గీత 100 దగ్గరుంది.

ఆమె ఇచ్చింది ఆ పది నిమిషాలు కాదు. ఏడేళ్లు ఏ రాత్రీ ఫోన్ ఆపేసి పడుకోలేదు. దాన్ని ఏ గడిలో రాస్తారు? తాళంచెవులు ఎప్పుడూ దగ్గర పెట్టుకునేవాళ్లు, డ్రైవర్ రాకపోతే నేనొస్తానని ఉండేవాళ్లు, ఎవరైనా సభ్యులు రెండు వారాలు కనబడకపోతే ఇంటికెళ్లి చూసొచ్చేవాళ్లు, ఇలాంటి పనులన్నీ గంటల్లో కనబడవు. నేను చూసినంతవరకు ఇవి ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడతాయి, 'అక్క చూసుకుంటుందిలే' అని.

నిలకడ తమ్ముడూ, నా సలహా ఇది. అవార్డు మీద ఏం రాస్తారో ముందు రాయండి, ఎవరికివ్వాలో అప్పుడు తేలుతుంది. 'విశేష సేవలు అందించినందుకు' అని రాయాల్సి వచ్చిందంటే ఆ మనిషి ఏం చేశారో మీకు తెలియదన్నమాట. అలాంటి ప్రశంసాపత్రాలు మా ఇంట్లో నాలుగున్నాయి. నాలుగింట్లో పేరు మారిస్తే ఎవరికైనా సరిపోతాయి. అవి కాక ఇంకొకటుంది, దాన్ని మాత్రం అలమారా తలుపు లోపలి వైపు అంటించుకున్నాను. అందులో ఇలా ఉంటుంది: 'వరద సహాయ శిబిరంలో మూడు రాత్రులు మందుల పంపిణీ చూశారు. చంటిపిల్లల తల్లులకు మందు ఎంత వెయ్యాలో చదువు రానివాళ్లకి కూడా తెలిసేలా సీసాల మీద గీతలు గీసి ఇచ్చారు.' ఆ గీతలు నేను గోరంత పెయింట్‌తో, అగ్గిపుల్లతో గీశాను. ఎవరో గమనించి రాశారు. దానికి ఫ్రేము కూడా లేదు, మామూలు తెల్లకాగితం.

#11 లెక్కల మాస్టారు

చిన్నక్క గారూ, పన్నెండు గంటల లెక్క చూశాక నేను రాసింది వెనక్కి తీసుకుంటున్నాను. పోటీ వద్దన్న మాట మాత్రం అలాగే ఉంచుతాను. గంటలు దానికి కొలబద్ద కావు.

#12 వేకువ

నేనూ కొంత మెత్తబడ్డాను. కొత్త మొక్క గారికి జరిగింది, చిన్నక్క గారి తెల్లకాగితం చూశాక, గుర్తింపే వద్దని అనలేను. నా అభ్యంతరం ఇప్పుడు 'ఉత్తమ సభ్యుడు' అన్న పేరు మీద. ఒక్కరిని ఉత్తముడంటే మిగతావాళ్లు ఏమిటి? అవార్డుకి మనిషి స్థాయి చెప్పే పేరు కాకుండా పని పేరు పెట్టండి. రక్తదాతల రిజిస్టర్‌కి, నీళ్లు పోసినందుకు, ఇలా. ఈ ఏడాది ఏ పనులు నిలబడ్డాయో వాటిని బట్టి పేర్లు మారతాయి. ఖాళీగా ఉన్న పేరుకి ఎవరినో వెతికి తెచ్చే పని ఉండదు.

ఇంకొకటి. కార్యవర్గంలో ఉన్నవాళ్లు తమకి తాము ఇచ్చుకోకూడదు. దీని మీద ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది.

#13 తీరం

దాంతో నేను పూర్తిగా ఏకీభవించను. మా కోశాధికారి ఆరేళ్లుగా ప్రతి రసీదుకీ లెక్క చూపిస్తున్నారు, ఒక్క ఏడాదీ ఆడిట్‌లో వేలు పెట్టి చూపించే తప్పు దొరకలేదు. పదవిలో ఉన్నారు కాబట్టి ఆయన పని పని కాదా? చిన్న క్లబ్బుల్లో అందరికంటే ఎక్కువ బరువు మోసేది పదవిలో ఉన్న ఇద్దరు ముగ్గురే. వాళ్లని జాబితాలోంచి తీసేస్తే రేపు పదవి తీసుకోవడానికి ఎవరూ ముందుకు రారు.

#14 పాత కార్యదర్శి

తీరం గారి మాటలో న్యాయముంది. మేం మధ్యే మార్గం పట్టాం. పదవిలో ఉన్న ఏడాది కార్యవర్గంవాళ్ల పేర్లు అవార్డులకి పరిశీలించం. వాళ్లు దిగిపోయే రోజున మిగతా సభ్యుల్లో ఒకరు లేచి, వాళ్లు చేసిన పని చెప్పి కృతజ్ఞత తెలుపుతారు. ఎవరు మాట్లాడాలో కార్యవర్గం నిర్ణయించదు. మా పాత కోశాధికారి గురించి చేరి ఏడాది కూడా కాని కుర్రాడొకడు మాట్లాడాడు. తన చేతి ఖర్చు రసీదు పోతే, దుకాణం దాకా తనతో వచ్చి నకలు ఇప్పించారని చెప్పాడు. ఆయనకి ఏ షీల్డూ అంత బాగుండేది కాదు.

ఎంపికకి ముగ్గురు చాలు. పదవిలో లేని పాత సభ్యుడొకరు, రెండేళ్లలోపు చేరినవారొకరు, క్లబ్ బయటి మనిషి ఒకరు. బయటి మనిషి అంటే గొప్పవాళ్లని పిలవమని కాదు. మీరు పనిచేసే బడిలో టీచరు, బ్లడ్ బ్యాంకులో సిబ్బంది. శిబిరానికి ఎవరొచ్చారో కాదు, శిబిరం అయ్యాక ఎవరు మళ్లీ వచ్చారో వాళ్లకే తెలుస్తుంది. మాకు ఒకసారి బడి ఆయా చెప్పిన పేరు మా ముప్ఫై మందిలో ఎవరికీ తట్టలేదు.

ఓటింగ్ గురించి అడిగారు కదా. వద్దు. స్నేహితులు ఎక్కువున్నవాళ్లు గెలుస్తారు, అంతకంటే చెప్పడానికేం లేదు.

#15 నిలకడ

రెండు వారాలైంది, జరిగింది చెప్పాలని వచ్చాను.

పాయింట్ల పట్టిక పక్కన పెట్టాం. పాత కార్యదర్శి గారి మొక్కల కథ మా అధ్యక్షుడికి చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మనకీ అలా నీళ్లు పోసేవాళ్లు ఎవరో ఉండే ఉంటారు" అన్నారు. అప్పుడు ఒక పని చేశాం. 46 మందికీ ఒక్కో కాగితం ఇచ్చి రెండే ప్రశ్నలు అడిగాం. ఈ ఏడాది మీ పనిలో మీకు తోడు నిలిచింది ఎవరు? సరిగ్గా ఏం చేశారు? సొంత పేరు రాయకూడదు. రెండో ప్రశ్నకి జవాబు లేకపోతే ఆ కాగితం లెక్కలోకి రాదు.

38 కాగితాలు తిరిగొచ్చాయి. రాత్రి కూర్చుని చదువుతుంటే సిగ్గేసింది, సంతోషమూ వేసింది. చూపులేని విద్యార్థులకి పరీక్షల్లో పక్కన కూర్చుని జవాబులు రాసిపెట్టే సభ్యుడు మాకు ఉన్నాడు. ఈ ఏడాది తొమ్మిది పరీక్షలు రాసిపెట్టాడు. సెలవు పెట్టుకుని వెళ్లాడు. మా మినిట్స్ పుస్తకంలో దాని గురించి ఒక్క అక్షరం లేదు. మూడు కాగితాల్లో అతని పేరుంది. ఇంకొకరు ప్రతి శిబిరం తర్వాత అద్దెకు తెచ్చిన సామాను తిరిగి అప్పజెప్పేవారు. ఏదైనా విరిగితే తన డబ్బుతో కట్టేశారని దుకాణంలో అడిగితేనే తెలిసింది. వృద్ధాశ్రమానికి ప్రతి ఆదివారం వెళ్లి పెద్దవాళ్ల గోళ్లు తీసి వచ్చే అమ్మాయి ఒకరు. కార్యక్రమం ఉన్న ఆదివారం, లేని ఆదివారం అని లేదట.

ఈసారి ఏడు పనులకి గుర్తింపు ఇస్తున్నాం. కార్యవర్గంలో ఎవరూ లేరు. చిన్నక్క గారు చెప్పినట్టు మాటలు ముందు రాశాం. పరీక్షలు రాసే సభ్యుడికి రాసింది ఇది: 'తొమ్మిది పరీక్షల్లో విద్యార్థి చెప్పింది చెప్పినట్టు రాశారు. ఏ పరీక్షకీ ఆలస్యంగా వెళ్లలేదు. లెక్కల పేపరు రోజున, విద్యార్థికి గీతల బొమ్మ అర్థమయ్యే దాకా మూడుసార్లు మాటల్లో వివరించారు.' ఆ చివరి వాక్యం ఆ విద్యార్థే చెప్పాడు.

ఆ అక్క సంగతే మిగిలింది. ఈ ఏడాది ఆమె పని చేయలేదు కాబట్టి అవార్డుకి పేరు పెట్టవచ్చా లేదా అని కమిటీలో చర్చ నడుస్తోంది. వేదిక మీద ఆమెకి తెలియకుండా పిలిచి ఆశ్చర్యపరుద్దామని ఒకరన్నారు.

#16 చిన్నక్క

వద్దు తమ్ముడూ. దయచేసి అలా చేయకండి.

పోయినేడు మనసు నొచ్చుకున్న మనిషిని అందరి ముందు నిలబెట్టి చప్పట్లు కొడితే, ఆమె నవ్వి తీరాలి. లోపల ఏమున్నా బయటికి అనడానికి వీలుండదు. అది మీ బరువు దించుకోవడమవుతుంది, ఆమెకి ఇచ్చింది కాదు. ముందు మీరు ఇంటికి వెళ్లండి. షీల్డు పట్టుకెళ్లొద్దు, ఫొటోలు తీసేవాళ్లని తీసుకెళ్లొద్దు. జాబితాకి నేనూ చెయ్యెత్తానక్కా అని మాకు ఇక్కడ రాసినట్టే ఆమెకీ చెప్పండి. మళ్లీ రమ్మని కూడా ఆ రోజు అడగొద్దు.

అవార్డు సంగతి ఆమెనే అడగండి, తర్వాత. కొందరికి వేదిక నచ్చదు. ఇవ్వబోయే మిగతా ఏడుగురిని కూడా అడిగారా?

#17 నిలకడ

ఏడుగురినీ అడిగాం అక్కా. ఐదుగురు సరేనన్నారు. గోళ్లు తీసే అమ్మాయి వేదిక వద్దంది. ఆ కాగితాన్ని వృద్ధాశ్రమంలో పెద్దవాళ్ల ముందు చదివితే చాలంది, అలాగే చేస్తున్నాం. ఇంకొకాయన ఆలోచించి చెప్తానన్నారు.

నిన్న సాయంత్రం ఆ అక్క ఇంటికి ఒక్కణ్ణే వెళ్లాను. గుమ్మంలోనే చెప్పేశాను, కూర్చున్నాక నోరు పెగలదేమోనని. ఆమె విన్నది. అవార్డు రానందుకు కాదంది. ఆ రోజు రక్తదానం గురించి వేదిక మీద పది నిమిషాలు మాట్లాడారు, రిజిస్టర్ అనే మాట ఒక్కసారైనా రాలేదు, అది ఉందని మీకు తెలుసా లేదా అని అనుమానం వచ్చింది అంది. నేనేమీ సమాధానం చెప్పలేకపోయాను.

లేచి వస్తుంటే, రిజిస్టర్ ఇప్పుడు ఎవరి దగ్గరుందని అడిగింది. నా దగ్గరే ఉందన్నాను. తేదీలు ఎవరు మారుస్తున్నారంది. ఆమె మానేసినప్పటి నుంచి ఎవరూ మార్చలేదని చెప్పాను.

"ఓ నెగటివ్‌లో ఇద్దరి నంబర్లు మారాయి, నా ఫోన్లో ఉన్నాయి" అంది. రాసుకోమని రెండు నంబర్లూ చెప్పింది. నేను జేబులోంచి పెన్ను తీస్తే, నంబర్లు పెన్నుతో, తేదీలు పెన్సిల్‌తో, మర్చిపోకు అంది.

#18 చిన్నక్క

రాసుకున్నావా?

#19 నిలకడ

రాసుకున్నానక్కా. రాత్రే ఇద్దరికీ ఫోన్ చేసి తేదీలు కూడా సరిచేశాను. ఆ కొత్త మొక్క గారిలాంటి అమ్మాయి ఒకరు మా క్లబ్‌లో పోయిన నెల చేరారు. రిజిస్టర్ నేర్చుకుంటానంటోంది. ఆదివారం అక్క దగ్గరికి తీసుకెళ్లవచ్చా అని అడగడానికి రేపు ఫోన్ చేస్తాను.